మడవకముందు చదివిన కవిత

ఆ రోజు సాయంత్రం మనవరాలు బడి నుంచి వచ్చి, చెప్పులు ఒకటి గుమ్మంలో, ఒకటి నడవలో వదిలేసి, సంచీ మంచం మీదికి విసిరి, అమ్మమ్మ ఎదురుగా నిలబడింది. మామూలుగా వస్తూనే తినడానికేముందని అడిగే పిల్ల. ఆకలి ఊసే ఎత్తలేదంటే వ్యవహారం ముదిరిందన్నమాటే.

"పదికి సున్నా," అంది.

"దేనికే?"

"నువ్వు నేర్పినదానికి."

అమ్మమ్మ దిండు గలీబులు మడత పెడుతోంది. ఆమె మడిచిన బట్టని వంద బట్టల్లోనైనా గుర్తుపట్టవచ్చు. అంచు మీద అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటుంది. ఇరవై ఏళ్లు అచ్చాఫీసులో కాగితాలు మడిచిన చేతులవి. ఆ చేతులు ఇప్పుడు ఆగిపోయాయి.

జరిగిందేమిటంటే, తొమ్మిదో తరగతి పుస్తకంలో ఈ ఏడాది కొత్తగా ఒక కవిత చేర్చారు. పేరు 'గడప ఇవతల'. ఎంత అణిచినా లొంగని మనుషుల గురించి, ఎనిమిది చరణాలు. వారం కిందట మనవరాలు ఆ పేరు పైకి చదివిందో లేదో, వంటింట్లో కూర కలుపుతున్న అమ్మమ్మ గరిటె పట్టుకునే వచ్చేసి, మొత్తం ఎనిమిదీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. పిల్ల నోరెళ్లబెట్టింది. "నీకెలా వచ్చు?" అంటే, "అది నా చేతుల మీదుగానే పుస్తకమైందే," అని ముసలావిడ తెగ మురిసిపోయింది. "పుస్తకం మూసెయ్, నేను నేర్పుతాను," అంది. పుస్తకం మూసెయ్యమంటే వద్దనే పిల్లలు ఎక్కడుంటారు? నాలుగు రోజుల్లో నోటికొచ్చేసింది. ఇవాళ టీచరు "ఎవరు చెబుతారు?" అని అడగ్గానే అందరికంటే ముందు చెయ్యెత్తి, పుస్తకం వంక చూడనైనా చూడకుండా, ఛాతీ విరుచుకుని మొదలుపెట్టింది.

చివరి చరణంతో మొదలుపెట్టింది. తర్వాత మొదటిది. తర్వాత నాలుగోది, ఆపైన అయిదోది. అప్పటికే తరగతి తరగతంతా పడీ పడీ నవ్వుతోంది.

"టీచరు నేను వెటకారం చేస్తున్నాననుకుంది, అమ్మమ్మా. ఎవరు నేర్పారీ చదువు అని అడిగింది. మా అమ్మమ్మ అన్నాను. దానికి ఇంకా నవ్వారు. శుక్రవారం మళ్లీ అప్పజెప్పమంది. నువ్వు మాత్రం ఇంకేం నేర్పకు."

"మీ పుస్తకంలోనే తప్పు పడి ఉంటుంది," అంది అమ్మమ్మ. "పుస్తకాలు ఆకాశం నుంచి ఊడిపడవు. నాలాంటివాళ్లు చేస్తేనే అయ్యేవి. ఇటు తే."

కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తీసింది. చదివింది. మళ్లీ చదివింది. ముసలావిడ మొండిదేగానీ బుద్ధిలేనిది కాదు. చరణం పక్కన చరణం అలా వరుసగా చూస్తుంటే ఆమెకే అర్థమైంది. పుస్తకంలో కవిత మెట్లెక్కినట్టు ఒక్కొక్కటిగా పైకి వెళ్తోంది. 'తల వంచుకుని నడిచాం, మాట మింగుకుని బతికాం' అని మొదలై, ఎక్కడో మూడో చరణం దగ్గర నడుం కొంచెం నిటారుగా చేసుకుని, చివరికి తలుపు తెరిచేదాకా వెళ్తోంది. తను నేర్పింది అలా వెళ్లదు.

"నలభై అయిదేళ్లు," అంది తనలో తను. మనవరాలికి వినబడలేదు, వినే ఓపికా లేదు.

ఆ అచ్చాఫీసు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో కార్లు కడుగుతున్నారు. కానీ ఆవైపు వెళ్లినప్పుడల్లా అమ్మమ్మ ముక్కుకి సిరా వాసనే తగులుతుంది, సిరా వాసనతోపాటు పిండి బంక వాసన. మడత గదిలో పొడవాటి బల్ల, బల్లకి రెండువైపులా నలుగురు నలుగురు ఆడవాళ్లు. కిటికీలోంచి పొద్దున పూట వెలుగు ఒక మూల నుంచి బయల్దేరి, మధ్యాహ్నానికి రెండో మూలకి చేరేది. గడియారం లేకపోయినా ఎవరి చేతి మీద ఎండ పడుతోందో చూసి టైమెంతో చెప్పేవాళ్లు. ఆమెకి అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఎనిమిది మందిలో కూడబలుక్కోకుండా చదవగలిగేది తనొక్కతే కాబట్టి అందరూ పంతులమ్మ అనేవాళ్లు.

ఎదురుగా కూర్చునే ఆమెని తుమ్మెద అనేవాళ్లు. పని చేస్తున్నంతసేపూ ముక్కుతో ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉండేది. తుమ్మెదకి అక్షరం ముక్క రాదు. చేతివేగంలో మాత్రం ఆమెని కొట్టేవాళ్లు లేరు. పంతులమ్మ చెక్కబద్దతో కాగితం మడత నొక్కడం నేర్చుకుంది తుమ్మెద దగ్గరే. "కాగితాన్ని బతిమాలకే, చెప్పు," అనేది. ఆ మాట అమ్మమ్మకి ఇప్పటికీ దుప్పటి మడిచేటప్పుడల్లా గుర్తొస్తుంది.

ఆ గదికి యముడొకడు ఉండేవాడు. మేస్త్రీ. మాట్లాడకూడదు, నవ్వకూడదు, నీళ్లకి వెళ్లాలంటే చెయ్యెత్తాలి. పొద్దున వీళ్లు లోపలికి రాగానే బయట గొళ్లెం పెట్టి తాళం వేసేవాడు. సాయంత్రం కట్టలన్నీ ముగిశాక తీసేవాడు. వెళ్లేటప్పుడు సంచులు వెతికేవాడు, ఒక్క కాగితం ముక్క బయటికి పోకూడదని.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ కవిత. ఎవరు రాయించారో, ఎవరికోసమో వీళ్లకి తెలియదు. చేతివెడల్పు చిన్న పుస్తకం, ఎనిమిది పేజీలు, పేజీకి ఒక చరణం. వేల కొద్దీ కాపీలు, రెండు వారాల పని. మాట్లాడకూడదుగానీ, కళ్లు చదవకూడదని మేస్త్రీ ఎలా చెప్పగలడు? పంతులమ్మ పని చేస్తూనే చదివేది. నీళ్ల కుళాయి దగ్గర తుమ్మెద చెవిలో రోజుకో చరణం వేసేది. తుమ్మెద అది పట్టుకెళ్లి పక్కామెకి, ఆమె ఇంకొకామెకి. రెండు వారాలయ్యేసరికి బల్ల చుట్టూ ఎనిమిది మందికీ కవిత వచ్చేసింది. పెదవులు కదపకుండా, మడతకో పాదం చొప్పున లోపల్లోపలే చెప్పుకునేవాళ్లు. ఒకామె చెయ్యి ఎక్కడుందో చూసి, ఆమె ఏ పాదం దగ్గరుందో ఎదుటామె చెప్పేయగలిగేది. అంత నిశ్శబ్దంలో అంత సందడిగా ఆమె మళ్లీ ఎప్పుడూ బతకలేదు.

మర్నాడు మనవరాలు బడికెళ్లాక, అమ్మమ్మ గోడ మీది క్యాలెండరు నుంచి పాత నెల కాగితం చించింది. పీట ముందేసుకుని కూర్చుని, కాగితాన్ని రెండు మడతలు వేసింది. సరిగ్గా ఎనిమిది పేజీలైంది. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసింది. తర్వాత మడతలు విప్పి పీట మీద పరిచింది.

ఎనిమిది పక్కన ఒకటి. మిగతా రెండూ తలకిందులుగా. కాగితం తిప్పితే నాలుగు, అయిదు. వెనకపక్క రెండు, ఏడు. తిప్పితే ఆరు, మూడు.

అదే. అచ్చం తను నేర్చుకున్న వరుస.

పెద్ద కాగితం మీద పేజీలు అలాగే అచ్చవుతాయి, మడిచాకే వరుసలో పడతాయి. ఇరవై ఏళ్లు మడతలు వేసిన మనిషికి ఈపాటి సంగతి తట్టకపోవడమేమిటని ఎవరైనా అడగొచ్చు. వేరే పుస్తకాలకి పేజీ అడుగున అంకె ఉండేది. ఈ చిన్న పుస్తకానికి అంకెలు వేయలేదు, పేరేమో ప్రతి పేజీ పైనా ఉండేది. మూలనున్న నల్లగీత మీద గీత కూర్చుందా లేదా అన్నదే వీళ్ల పని. మడిచిన పుస్తకాన్ని తెరిచి చూద్దామన్నా వీలుకాదు. అంచులు కోసేదాకా పేజీలు విడివడవు. కోసే గది వేరే ఉంది, అక్కడి నుంచి అటే కట్టలు కట్టి పంపేసేవాళ్లు. తాము చేసిన పుస్తకాన్ని ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ పుస్తకంగా చూడలేదు. పరిచిన కాగితాన్ని ఎడమ నుంచి కుడికి, తిప్పి మళ్లీ ఎడమ నుంచి కుడికి చదివింది పద్దెనిమిదేళ్ల పంతులమ్మ. చదివింది చదివినట్టే అందరికీ ఎక్కించింది.

అమ్మమ్మకి ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే తుమ్మెద గుర్తొచ్చి, నవ్వు కాస్తా పోయింది.

ఆ కవిత పని ముగిసిన కొన్నాళ్లకి, పక్క వసారాలో బంక కాచే పొయ్యి నుంచి నిప్పురవ్వ చింకిగుడ్డల మీద పడింది. మంట పెద్దదేం కాదు, పొగే. పొగంతా మడత గదిలోకి వచ్చింది. తలుపుకి తాళం. మేస్త్రీ తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి పోయాడు. ఎనిమిది మందీ తలుపు బాదారు, కిటికీ చువ్వలకి మొహాలు ఆనించి గాలి పీల్చుకున్నారు. ఆరు నెలల కడుపుతో ఉన్న ఒకామె సొమ్మసిల్లి పడిపోయింది. మేస్త్రీ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసి, "చచ్చారా ఏంటి ఎవరైనా?" అన్నాడు. ఎవరూ చావలేదు. అదే ఆయన ధీమా.

మర్నాడు పొద్దున అందరూ లోపలికి వెళ్లాక, ఎప్పట్లాగే తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు. తుమ్మెద వచ్చి గడప మీద నిలబడింది. కూనిరాగం తీసే గొంతు కాదది. గట్టిగా, ఒక్కో మాటా మడత నొక్కినట్టు చెప్పింది.

'తలుపు మీరు వేశారు,
తెరిచేది మేము.
చేతులు మావి, భుజాలు మావి,
పొద్దు కూడా మాదే.'

రెండో పాదానికే వెనకనున్న ఏడుగురూ గొంతు కలిపారు. చరణం అయ్యేసరికి మేస్త్రీ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. బల్ల మీద కాగితాల దొంతర తోసేసి, "నోర్ముయ్యండి. ఎవరు నేర్పారు మీకీ చదువు?" అని అరిచాడు.

ఎవరూ పంతులమ్మ వంక చూడలేదు. ఆమెకి నోరు పెగల్లేదు. ఇంట్లో మంచం పట్టిన తండ్రి, ఇద్దరు తమ్ముళ్లు ఆమె కళ్లముందు కదిలారు. చెబుదామనే అనుకుంది, నిజంగానే అనుకుంది. ఈలోపు అక్షరం ముక్క రాని తుమ్మెద, "నేనే," అంది.

తుమ్మెదని అప్పటికప్పుడు గేటు బయటికి పంపేశారు. మిగిలిన ఏడుగురూ ఆ రోజు కాగితం ముట్టలేదు, ఆ మర్నాడూ ముట్టలేదు. నాలుగో రోజు తలుపుకున్న గొళ్లెం ఊడదీశారు. మళ్లీ ఎప్పుడూ తాళం పడలేదు. కానీ తుమ్మెదని మాత్రం తిరిగి తీసుకోలేదు. కొన్నాళ్లు ఎక్కడో గిన్నెలు తోమిందన్నారు, ఆ తర్వాత భర్తతో వేరే ఊరు పోయింది. పంతులమ్మ వెళ్లి ఒకసారి కాళ్లావేళ్లా పడబోతే, "ఊరుకోవే, నువ్వుంటే ఇంకో కవిత వచ్చినప్పుడు చదివి పెడతావు. నేనుండి ఏం చెయ్యను?" అని నవ్వేసింది.

ఇప్పుడు పీట మీద పరిచిన క్యాలెండరు కాగితం చూస్తుంటే అమ్మమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు. తుమ్మెద బతుకుదెరువు ఏ కవిత కోసం పోయిందో, ఆ కవితే తలాతోకా తెలియకుండా నేర్పింది తను. తొమ్మిదో తరగతి పిల్లలు నవ్వారంటే నవ్వరా మరి.

శుక్రవారం ఆమె మంచి చీర కట్టుకుని మనవరాలితోపాటు బయల్దేరింది.

"నువ్వెందుకు?" అంది పిల్ల. దానికి ప్రాణం పోయినట్టుగా ఉంది. "నాకు సరైన వరుస వచ్చేసింది, అమ్మమ్మా. నువ్వొస్తే మళ్లీ నవ్వుతారు."

"నవ్వనీ. ఎవరు నేర్పారని మీ టీచరు అడిగిందా లేదా?"

"అడిగింది, నేను చెప్పేశానుగా."

"నువ్వు చెప్పావు. నేను చెప్పలేదు."

పిల్లకి అర్థం కాలేదు. దారంతా మూడడుగులు ముందే నడిచింది, ఈ ముసలావిడెవరో తనకి తెలియనట్టు.

టీచరు నడివయసు మనిషి. మాట కరుకు, మర్యాద మాత్రం తెలిసినావిడ. వరండాలోనే అమ్మమ్మ చెప్పడం మొదలుపెడితే రెండు మాటలు విని, "మీరు లోపలికి రండి, పిల్లలకే చెప్పండి," అని కుర్చీ వేసింది. అమ్మమ్మ కూర్చోలేదు. నలభై జతల కళ్లు. మూడో వరుసలో మనవరాలు డెస్కు వంక చూస్తూ తల దించుకుంది.

"దీనికి తప్పు వరుస నేర్పింది నేనే," అంది అమ్మమ్మ. "అది వెటకారం చెయ్యలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పింది."

ఆ తర్వాత కాగితం సంగతి చెప్పింది. మేస్త్రీ సంగతి, పొగ సంగతి చెప్పింది. తుమ్మెద 'నేనే' అన్న సంగతీ చెప్పింది. "నేర్పింది నేను. అప్పుడు చెప్పలేకపోయాను," అని అక్కడితో ఆపేసింది. ఆ మాట ఆమె మొగుడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఒక బక్కపల్చని పిల్ల చెయ్యెత్తింది.

"మేస్త్రీ ఆపేలోపు ఎన్ని చరణాలు చెప్పారండీ?"

"ఒకటేనమ్మా. ఒక్కటే చెప్పనిచ్చాడు."

"అంటే చివరిదే కదండీ? పుస్తకంలో ఉన్నట్టు చెప్పుంటే అది వచ్చేదే కాదు."

టీచరు బల్ల మీద పుస్తకం ఆ కవిత దగ్గరే తెరిచి ఉంది. మొదటి చరణం అమ్మమ్మకి కళ్లజోడు లేకపోయినా కనబడుతూనే ఉంది, ఇప్పుడు ఆమెకి ఏ వరుసలోనైనా వచ్చు కాబట్టి.

'తల వంచుకుని నడిచాం,
మాట మింగుకుని బతికాం.
గోడలు మావే అన్నారు వాళ్లు,
గాలి కూడా వాళ్లదే అనుకున్నాం.'

పుస్తకం వరుసే నేర్పి ఉంటే, తుమ్మెద ఆ పొద్దున గడప మీద నిలబడి చెప్పేది ఇదే. మేస్త్రీ మొహంలోకి చూస్తూ, తల వంచుకున్నామని, మాట మింగుకున్నామని. అంతవరకే చెప్పనిచ్చి నోరు మూయించేవాడు. ఆ ఒక్క చరణం కోసం తుమ్మెద గేటు దాటి వెళ్లాల్సి వచ్చేది.

ముసలావిడ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కళ్లనీళ్లు దాచుకోవడానికి ప్రయత్నించలేదు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా," అంది ఆ పిల్లతో. "ఇన్నేళ్లకి నువ్వు చెబితే తెలిసింది. మా తుమ్మెద చెప్పాల్సిందే చెప్పి వెళ్లింది."

టీచరు మనవరాలిని లేవమంది. పిల్ల లేచి, పుస్తకంలో ఉన్న వరుసలోనే ఎనిమిదీ అప్పజెప్పింది. మూడోది అమ్మమ్మకి ఎప్పుడూ ఇష్టమైనది. వాళ్ల వరుసలో అది చిట్టచివర వచ్చేది.

'నేలరాలిన గింజని
తొక్కి వెళ్లారు. మంచిది.
తొక్కిన చోటే మట్టి
గింజని గట్టిగా పట్టుకుంది.'

పుస్తకం వరుసలో కూడా బాగానే ఉందనిపించింది. రాసినాయన ఎవరోగానీ, తెలిసే రాశాడు. ఎనిమిదోదానికి వచ్చేసరికి పిల్ల ఒక్క క్షణం అమ్మమ్మ వంక చూసి, పరుగు తగ్గించి, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

తొమ్మిది మార్కులు వచ్చాయి. ఒకటెందుకు తగ్గిందని అమ్మమ్మే అడిగింది. మధ్యలో ఎక్కడా ఆగకుండా రైలు తోలిందండీ, అంది టీచరు.

సాయంత్రం అమ్మమ్మ బడి గేటు దగ్గర కాచుకుని ఉంది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఈసారి పిల్ల పక్కనే నడిచింది, ముసలావిడ సంచీ కూడా తనే తీసుకుంది.

"పరీక్షలో ఏ వరుస రాయను, అమ్మమ్మా?"

"పుస్తకంలో ఉన్నట్టే రాయి. రాసినాయన అలా రాసుకున్నాడు, అది ఆయన ఇష్టం. మార్కులు కూడా దానికే వేస్తారు."

"మరి మీ వరుస?"

అమ్మమ్మ నాలుగడుగులు వేసి చెప్పింది.

"నిన్నెవరైనా నోరు మూసుకోమన్నప్పుడు అదే మొదలుపెట్టు. ఎంతసేపు మాట్లాడనిస్తారో తెలియదు కదే. చివరిది ముందు చెప్పేసెయ్."